అమెరికా సైనిక స్థావరాల్లో కుటుంబ సేవలు

అమెరికా ఆర్మీలో పనిచేసే సైనికుడికి మామూలుగా రెండు మూడేళ్లకోసారి బదిలీ వస్తుంది. దేశం యుద్ధంలో ఉంటే నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైబడి ఇంటికి దూరంగా ఉంటాడు. అంతకాలమూ భార్యాపిల్లలు పుట్టిన ఊరికి వేల మైళ్ల దూరంలో, అయినవాళ్లు ఎవరూ లేని చోట కాపురం నెట్టుకొస్తారు. సైన్యంలో మహిళలు పెరిగాక ఇంటిదగ్గర ఉండిపోయేది భర్త కావడమూ మామూలైంది. అద్దె, అప్పు, ఉద్యోగం, పిల్లల బడి, నయం కాని జబ్బు, ఇంట్లో హింస, చివరికి చావు కబురు: ఇలాంటి సమయాల్లో ఈ కుటుంబాలకు ఆసరాగా నిలిచేందుకు స్థావరం లోపలే నడిచే యంత్రాంగాన్ని సైనిక కుటుంబ సేవలు అంటారు. అమెరికా ఆర్మీలో వీటికి కేంద్రం 1965లో మొదలైన ఆర్మీ కమ్యూనిటీ సర్వీస్. స్వదేశంలోని స్థావరాలతో పాటు జర్మనీ, ఇటలీ, జపాన్, దక్షిణ కొరియాల్లోని స్థావరాల్లో కూడా దీని కార్యాలయాలు ఉన్నాయి.

పెద్ద స్థావరం అంటే ఒక ఊరే. నార్త్ కరొలైనాలోని ఫోర్ట్ బ్రాగ్, టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్ వంటి చోట్ల పదుల వేల మంది సైనికులు పనిచేస్తారు. ఆసుపత్రి, బడి, ప్రార్థనా మందిరం, సరుకులు అమ్మే కమిసరీ, మిగతా వస్తువులన్నీ దొరికే పీఎక్స్ అన్నీ కంచె లోపలే ఉంటాయి. సికింద్రాబాద్ కంటోన్మెంటునూ మిలిటరీ క్యాంటీనునూ ఎరిగినవాళ్లకు ఇది కొత్త దృశ్యం కాదు. అయితే కుటుంబాల్లో మూడింట రెండొంతులు గేటు బయట, చుట్టుపక్కల పట్టణాల్లోని ఇళ్లలో ఉంటాయి. అవసరంలో ఉన్న మనిషి తనంతట తాను గేటు దాటి ఆఫీసుకు వస్తుందని అనుకోవడానికి లేదు. కాబట్టి ఆమెను వెతుక్కుంటూ వెళ్లడం కూడా ఈ సేవల్లో భాగమే.

ఈ వ్యవస్థ చరిత్రను మొదటి నుంచి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి ముందడుగుకూ ఒక యుద్ధమో, ఒక ప్రమాదమో, జీతం లేకుండా ఇంటింటికీ తిరిగిన ఆడవాళ్లో కారణం. సైన్యం ముందుగా ఆలోచించి పెట్టినవి తక్కువ, ఆలస్యంగా ఒప్పుకున్నవి ఎక్కువ.

భార్యలు లెక్కలో లేని కాలం

1802 నాటి చట్టం ప్రకారం ఒక్కో కంపెనీలో నలుగురు స్త్రీలకు మించకుండా రేషన్ ఇచ్చేవారు. వాళ్లు సైనికుల బట్టలు ఉతికేవాళ్లు. చాలామంది సైనికుల భార్యలే. రేషన్ వాళ్ల చాకిరీకి గాని భార్య అన్న హోదాకు కాదు. 1870ల చివర్లో ఆ పద్ధతి కూడా రద్దయింది. ఆ తర్వాత చాలా కాలం కింది స్థాయి సైనికుడు పెళ్లి చేసుకోవడాన్ని సైన్యం ఇష్టపడేది కాదు. నీకు పెళ్లాం అవసరమని సైన్యం అనుకుని ఉంటే, బూట్లతో పాటు ఆమెనూ స్టోర్సు నుంచి ఇచ్చేది కదా అన్న మాట బ్యారక్‌లలో తరాల పాటు నడిచింది.

రెండో ప్రపంచ యుద్ధం ఆ లెక్కను మార్చింది. నిర్బంధ సైనిక సేవతో పెళ్లయినవాళ్లు లక్షల్లో వచ్చి చేరారు. 1942 జూన్‌లో వచ్చిన ఆశ్రితుల భత్యం చట్టం కింద కింది స్థాయి సైనికుడి భార్యకు నెలకు 50 డాలర్లు అందేవి. అందులో 22 డాలర్లు భర్త జీతంలో కోత, మిగతా 28 ప్రభుత్వం వాటా. మరుసటి ఏడాది మొదలైన ప్రసూతి, శిశు సంరక్షణ పథకం కింద తక్కువ జీతం ఉన్న సైనికుల భార్యలకు పురుడు ఖర్చు ప్రభుత్వమే భరించింది. ఆ పథకం ముగిసేలోపు దాని అండతో సుమారు 12 లక్షల మంది పిల్లలు పుట్టారు. అమెరికా ప్రభుత్వం అంతకుముందు అంత పెద్ద వైద్య పథకాన్ని నడపలేదు. యుద్ధం అయిపోయాక దాన్ని క్రమంగా ఆపేశారు.

ఆపకుండా మిగిలింది ఆర్మీ ఎమర్జెన్సీ రిలీఫ్. యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్, సైన్యాధిపతి జార్జి మార్షల్ 1942 ఫిబ్రవరిలో పెట్టిన ఈ నిధి ప్రభుత్వ డబ్బుతో కాకుండా విరాళాలతో నడుస్తుంది. సంగీత దర్శకుడు ఇర్వింగ్ బెర్లిన్ సైనికులనే నటులుగా పెట్టి ఆడించిన ‘దిస్ ఈజ్ ది ఆర్మీ’ నాటకం వసూళ్లు ఈ నిధికే వెళ్లాయి. ఎనభై ఏళ్లు దాటినా నిధి నడుస్తోంది. తండ్రి పోయిన కబురు వచ్చిన సైనికుడికి విమానం టికెట్టుకైనా, కారు చెడిపోయి డ్యూటీకి వెళ్లలేనివాడికి రిపేరుకైనా వడ్డీ లేని అప్పు, కొన్ని సందర్భాల్లో తిరిగి కట్టనక్కరలేని సాయం ఇస్తుంది.

1946 నుంచి కుటుంబాలు జర్మనీలోని స్థావరాలకు వెళ్లడం మొదలైంది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఆ సంఖ్య బాగా పెరిగింది. భాష తెలియని దేశంలో దిగిన కొత్త కోడళ్లకు దారి చూపింది అక్కడ ముందుగా ఉన్న భార్యలే. ఆఫీసర్ల భార్యల క్లబ్బులు పాత బట్టల దుకాణాలు నడిపేవి, వంటసామాను అరువిచ్చేవి, కాన్పులకు తోడు వెళ్లేవి. మంచి పనే గాని, క్లబ్బు చురుగ్గా ఉన్న చోట సాయం అందేది, లేని చోట అందేది కాదు. సార్జంటు భార్య కర్నలు భార్య తలుపు తట్టడానికి జంకేది కూడా. ఒక స్థావరంలో దొరికే సాయం ప్రతి స్థావరంలోనూ దొరకాలన్న ఆలోచన అక్కడినుంచే పుట్టింది.

1965

లెఫ్టినెంట్ కర్నల్ ఎమ్మా మేరీ బేయర్డ్‌ను ఆర్మీ కమ్యూనిటీ సర్వీస్ వ్యవస్థాపకురాలిగా చెప్పుకుంటారు. చెల్లాచెదురుగా ఉన్న స్వచ్ఛంద సేవలను ఒక గొడుగు కిందికి తెచ్చి, స్థావరానికో కార్యాలయం, దానికో అధికారి ఉండేలా 1965 జులైలో ఆర్మీ ఆదేశాలిచ్చింది. ఆ సేవ చిహ్నంలో హృదయం, శిలువ, గైరోస్కోపు ఉంటాయి. మొదటిది ఇవ్వడానికి, రెండోది సాయానికి, మూడోది నిలకడకు గుర్తు. తొలి ఏళ్లలో పని నడిపింది ఎక్కువగా జీతం లేని స్వచ్ఛంద సేవికలే. బేయర్డ్ పేరిట ఆర్మీ ఇచ్చే పురస్కారం కూడా అలాంటివాళ్లకే.

కొత్త కార్యాలయాలు తలుపులు తెరిచిన కొద్ది నెలలకే, నవంబరులో, వియత్నాంలోని ఇయా డ్రాంగ్ లోయలో యుద్ధం జరిగింది. కొద్ది రోజుల్లోనే 230 మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. అక్కడ పోరాడిన బెటాలియన్లలో ఒకటైన 7వ అశ్విక దళం మొదటి బెటాలియన్ జార్జియాలోని ఫోర్ట్ బెనింగ్ నుంచి వెళ్లింది. కుటుంబాలు ఆ స్థావరంలోనూ పక్కనున్న కొలంబస్ పట్టణంలోనూ ఉండిపోయాయి. అంతమంది చావు కబుర్లు ఒక్కసారిగా చేరవేసే ఏర్పాటు సైన్యం దగ్గర లేదు. టెలిగ్రాములు తయారయ్యాయి, వాటిని ఇళ్లకు చేర్చే పని టాక్సీ డ్రైవర్లకు అప్పగించారు. భర్త పోయాడని ఇరవై ఏళ్ల అమ్మాయికి చెప్పింది, ఆ కాగితంలో ఏముందో కూడా తెలియని ఒక టాక్సీవాడు.

బెటాలియన్ కమాండరు హెరాల్డ్ మూర్ భార్య జూలియా కాంప్టన్ మూర్ ఇది చూసి ఊరుకోలేదు. టెలిగ్రాము వెళ్లిన ఇళ్లకు తానూ వెళ్లింది. తన భర్త కూడా అదే లోయలో ఉన్నాడు, ఏ టాక్సీ తన గుమ్మం ముందు ఆగుతుందో ఆమెకూ తెలియదు. అయినా ఇంటింటికీ వెళ్లి, ఆ ఆడవాళ్ల పక్కన కూర్చుని, అంత్యక్రియలకు హాజరై, ఇలా చేయడం తప్పని పై అధికారులకు గట్టిగా చెప్పింది. చావు కబురు యూనిఫాంలో ఉన్న మనిషే స్వయంగా వచ్చి చెప్పాలి, వెంట మతగురువు ఉండాలి అన్న పద్ధతి ఆమె పట్టుదలతోనే వచ్చింది. ఈ వ్యవస్థలో ఏ ఒక్క సంస్కరణకు విలువ కట్టాల్సి వచ్చినా మొదట చెప్పాల్సింది దీని గురించే. దానికి డబ్బు ఖర్చు కాలేదు, కొత్త శాఖ పెట్టలేదు. మనిషి దగ్గరికి మనిషి వెళ్లాలన్న ఇంగితాన్ని ఒక ఇల్లాలు సైన్యానికి నేర్పింది. ఈ సంఘటనలను 2002లో వచ్చిన ‘వీ వర్ సోల్జర్స్’ సినిమాలో చూపించారు. 2023లో ఫోర్ట్ బెనింగ్‌కు మూర్ దంపతులిద్దరి గౌరవార్థం ఫోర్ట్ మూర్ అని పేరు పెట్టారు. 2025లో బెనింగ్ పేరునే, అదే ఇంటిపేరున్న మరో సైనికుడి గౌరవార్థం, మళ్లీ తెచ్చారు.

స్వచ్ఛంద సైన్యం వచ్చాక

1969లో కొందరు సైనికుల భార్యలు, వితంతువులు ఒక సంఘం పెట్టుకున్నారు. రిటైరైన సైనికుడు పోతే పింఛను ఆగిపోయి భార్య రోడ్డున పడడమే వాళ్ల ఫిర్యాదు. 1972లో వచ్చిన సర్వైవర్ బెనిఫిట్ ప్లాన్ ఆ పోరాట ఫలితం. ఆ సంఘమే నేటి నేషనల్ మిలిటరీ ఫ్యామిలీ అసోసియేషన్.

1973లో నిర్బంధ సైనిక సేవ ముగిసింది. అప్పటిదాకా రెండేళ్లు చేసి వెళ్లిపోయే కుర్రవాళ్లతో సైన్యం నిండి ఉండేది. ఇప్పుడు జీతానికి చేరి, ఏళ్ల తరబడి ఉండేవాళ్లు కావాలి. అలాంటివాళ్లకు పెళ్లిళ్లవుతాయి, పిల్లలు పుడతారు. ఇంట్లో సంతోషం లేకపోతే సైనికుడు మళ్లీ సంతకం పెట్టడు. సైన్యాధిపతి జనరల్ జాన్ విక్‌హమ్ 1983 ఆగస్టులో సైనిక కుటుంబంపై వెలువరించిన శ్వేతపత్రం ఈ వాస్తవాన్ని అధికారికంగా ఒప్పుకుంది. 1984ను ఆర్మీ కుటుంబ సంవత్సరంగా ప్రకటించారు. ఆ రోజుల్లోనే మొదలైన ఆర్మీ ఫ్యామిలీ యాక్షన్ ప్లాన్ కింద స్థావరాల్లోని సైనికులు, భార్యలు తమ ఇబ్బందులను చర్చించి, అక్కడ తేలనివాటిని ప్రధాన కార్యాలయం వరకు పంపవచ్చు. సైనికుల జీవిత బీమా మొత్తం పెరగడం వంటి మార్పులు ఈ దారిలో వచ్చినవే.

కానీ కాగితాలకు పరీక్ష 1985 డిసెంబరు 12న ఎదురైంది. సినాయ్ శాంతి విధుల నుంచి ఇంటికి వస్తున్న 101వ ఎయిర్‌బోర్న్ డివిజను సైనికుల విమానం కెనడాలోని గాండర్ దగ్గర కూలింది. 248 మంది సైనికులు, 8 మంది విమాన సిబ్బంది మరణించారు. క్రిస్మస్‌కు ఇంటికొస్తున్నారని కెంటకీ, టెనసీ సరిహద్దులోని ఫోర్ట్ క్యాంప్‌బెల్‌లో కుటుంబాలు స్వాగతానికి సిద్ధమై ఉన్నాయి. ఒకే స్థావరంలో ఒకే రోజు అంతమంది ఇళ్లలో చావు. ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లను నెలల తరబడి ఎవరు కనిపెట్టుకుని ఉండాలి, యూనిట్ వాళ్లా, మతగురువులా, ఆసుపత్రి వాళ్లా, కమ్యూనిటీ సర్వీసు వాళ్లా? ఎవరి పని ఏదో రాసిపెట్టుకోవాల్సిన అవసరం అప్పుడు తెలిసొచ్చింది. యూనిట్ స్థాయి కుటుంబ సహాయ బృందాలకు 1988లో ఆర్మీ మార్గదర్శకాలు విడుదల చేసింది.

కార్యాలయంలో జరిగే పని

ఆర్మీ కమ్యూనిటీ సర్వీస్ కార్యాలయానికి తొలిసారి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వెతుక్కునేది ఒక గది. దాన్ని లెండింగ్ క్లోజెట్ అంటారు. జర్మనీ నుంచి టెక్సస్‌కు బదిలీ అయిన కుటుంబం విమానంలో నాలుగు సూట్‌కేసులతో దిగుతుంది. సామాను ఓడలో రావాలి, వారాలు పడుతుంది. ఖాళీ ఇంట్లో కూర్చోవడానికి కుర్చీ ఉండదు, పాలు కాచుకోవడానికి గిన్నె ఉండదు. బదిలీ ఉత్తర్వు నకలు, గుర్తింపు కార్డు చూపిస్తే ఆ గదిలోంచి గిన్నెలు, పళ్లేలు, గరిటెలు, ఇస్త్రీ పెట్టె, మడత బల్ల, నేలమీద పరుచుకునే పరుపులు, పసిపిల్ల ఉంటే ఉయ్యాల మంచం ఇస్తారు. డబ్బు కట్టనక్కరలేదు, సంతకం చాలు. మామూలుగా ఒక నెల గడువు. ఏమంత గొప్ప విషయం అనిపించవచ్చు గాని, మొత్తం సేవల్లో ఇదే తెలివైనదని చెప్పాలి. గిన్నెలకు వచ్చినామె కౌంటరు దగ్గర రెండు మాటలు మాట్లాడుతుంది. అప్పుల గురించో, బిడ్డ మాట్లాడడం లేదన్న బెంగ గురించో చెప్పుకోవడానికి రెండోసారి వచ్చేది ఆ పరిచయంతోనే.

అప్పుల సంగతి చిన్నది కాదు. స్థావరాల గేటు బయట జీతం రోజు దాకా అప్పిచ్చే దుకాణాలు వరసగా వెలిసేవి. రెండు వారాల అప్పుకు తీసుకునే రుసుమును ఏడాది వడ్డీగా లెక్కిస్తే వందల శాతం తేలేది. పద్దెనిమిదేళ్లకే తొలి జీతం అందుకున్న కుర్రవాడు వాళ్లకు తేలిగ్గా చిక్కుతాడు. సైనికులకూ వాళ్ల ఆశ్రితులకూ ఇచ్చే ఇలాంటి అప్పులపై వార్షిక వడ్డీ 36 శాతం దాటకూడదని 2006లో మిలిటరీ లెండింగ్ యాక్ట్ వచ్చింది. కమ్యూనిటీ సర్వీసులోని ఆర్థిక సలహాదారులు జీతం పత్రం ముందు పెట్టుకుని నెల ఖర్చు రాయిస్తారు, అప్పులవాళ్లతో మాట్లాడతారు, ఎమర్జెన్సీ రిలీఫ్‌కు దరఖాస్తు రాసిపెడతారు. ఇంత చేసినా కొరత తీరలేదు. విధుల్లో ఉన్న సైనికుల్లో సుమారు నాలుగో వంతుకు తిండికి ఇబ్బంది పడిన సందర్భాలున్నాయని 2022లో రక్షణ శాఖే తెలిపింది. ప్రపంచంలో అత్యధికంగా ఖర్చు చేసే సైన్యానికి ఇది తలవంపు. 2023 జనవరి నుంచి తక్కువ ఆదాయం ఉన్న సైనిక కుటుంబాలకు ప్రాథమిక అవసరాల భత్యం ఇస్తున్నారు.

కొరతకు ఒక కారణం జీవిత భాగస్వామికి ఉద్యోగం దొరక్కపోవడం. ఉద్యోగం కావాలనుకుంటున్న సైనికుల జీవిత భాగస్వాముల్లో 20 శాతానికి పైగా నిరుద్యోగులేనని రక్షణ శాఖ సర్వేలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. రెండేళ్లలో వెళ్లిపోయే మనిషిని ఎవరు పెట్టుకుంటారు? నర్సు, టీచరు వంటి వృత్తుల్లో రాష్ట్రం మారితే లైసెన్సు మళ్లీ తెచ్చుకోవాలి. అందుకయ్యే ఖర్చులో 1,000 డాలర్ల వరకు సైన్యం తిరిగి ఇస్తుంది. 2023 జనవరిలో అమల్లోకి వచ్చిన చట్టం ఒక రాష్ట్రపు వృత్తి లైసెన్సును బదిలీపై వెళ్లిన మరో రాష్ట్రం గుర్తించాలంటోంది. కమ్యూనిటీ సర్వీసులో ఉద్యోగ సలహాదారులు దరఖాస్తు రాయడం నేర్పుతారు, స్థానిక యజమానులను పిలిపిస్తారు. పెళ్లి చేసుకుని విదేశాల నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లిషు తరగతులు, పౌరసత్వం దరఖాస్తులో సాయం ఉంటాయి. కారు నడపడం రాని, బ్యాంకు ఖాతా లేని కొత్త పెళ్లికూతురికి ఈ తరగతి గదిలోనే తొలి స్నేహితురాలు దొరకడం తరచు జరుగుతుంది.

ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లలు, పెద్దలు ఉన్న కుటుంబాలు ఎక్సెప్షనల్ ఫ్యామిలీ మెంబర్ ప్రోగ్రాంలో తప్పనిసరిగా పేరు నమోదు చేసుకోవాలి. ఆటిజం ఉన్న బిడ్డ తండ్రిని బదిలీ చేసేముందు, అక్కడ ఆ బిడ్డకు కావాల్సిన వైద్యులు, తరగతులు ఉన్నాయో లేవో చూడడం దీని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ పేరు నమోదైతే పదోన్నతికి పనికొచ్చే పోస్టింగులు చేజారుతాయన్న భయంతో దాచేవాళ్లున్నారు. నమోదు చేసుకున్నా కొత్త ఊళ్లో చికిత్స కోసం క్యూలో మళ్లీ చివర నిలబడాల్సి రావడం తల్లుల నోట తరచు వినిపించే ఫిర్యాదు. వ్యవస్థ ఇంకా సరిచేసుకోని లోపం ఇది.

కుటుంబంలో హింసను పట్టించుకునేది ఫ్యామిలీ అడ్వకసీ ప్రోగ్రాం. 2002 వేసవిలో ఫోర్ట్ బ్రాగ్‌లో ఆరు వారాల వ్యవధిలో నలుగురు సైనికులు తమ భార్యలను చంపారు. వారిలో ముగ్గురు అఫ్గానిస్తాన్ నుంచి తిరిగొచ్చినవాళ్లు. దేశం నిర్ఘాంతపోయింది. ఫిర్యాదు చేస్తే భర్త ఉద్యోగం పోతుంది, దాంతోపాటే ఇల్లు, వైద్యం, జీతం అన్నీ పోతాయి. ఆ ఒక్క భయం ఎన్నో నోళ్లు నొక్కేసేది. 2006 నుంచి బాధితులు కమాండరుకూ పోలీసులకూ తెలియకుండా వైద్యం, సలహా, బాధితుల ప్రతినిధి సాయం పొందే వీలు కల్పించారు. కేసు పెట్టాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆమె నిర్ణయం.

పిల్లలు

సైనికుల పిల్లలు కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతిలోపు ఆరు నుంచి తొమ్మిది బళ్లు మారతారు. ఒక రాష్ట్రంలో చదివిన పాఠం మరో రాష్ట్రంలో లెక్కకు రాకపోవడం, బాస్కెట్‌బాల్ జట్టు ఎంపిక అయిపోయాక ఊళ్లో దిగడం, చివరి ఏడాదిలో హైస్కూలు పట్టాకు కావాల్సిన చరిత్ర పాఠం తక్కువపడడం ఇవన్నీ మామూలే. 2008లో మొదలైన అంతర్రాష్ట్ర విద్యా ఒప్పందం ఈ చిక్కులు తగ్గించడానికే. 2014 నాటికి 50 రాష్ట్రాలూ అందులో చేరాయి. స్థావరాల్లోని పాఠశాల అనుసంధాన అధికారులు తల్లిదండ్రుల తరఫున బడితో మాట్లాడతారు.

పసిపిల్లల సంరక్షణ కేంద్రాల కథ ఆశ కలిగించేది. 1980ల తొలినాళ్లలో వాటి పరిస్థితి దయనీయం, పాత గోదాముల్లో, గుర్రపుశాలల్లో నడిచేవి. 1989 నాటి మిలిటరీ చైల్డ్ కేర్ యాక్ట్ ఆయాల జీతాలను శిక్షణతో ముడిపెట్టింది, ఆకస్మిక తనిఖీలు తప్పనిసరి చేసింది, రుసుమును కుటుంబ ఆదాయాన్ని బట్టి నిర్ణయించింది. పదేళ్లు తిరిగేసరికి ఇవి దేశానికే ఆదర్శమని పౌర సమాజంలోని నిపుణులు మెచ్చుకునే స్థాయికి వచ్చాయి. ఇప్పటి సమస్య నాణ్యత కాదు, చోటు. ఆయాలు చాలక తరగతి గదులు మూతపడి ఉంటే, తల్లులు నెలల తరబడి వరుసలో ఎదురుచూస్తారు.

నాన్న యుద్ధానికి వెళ్లాడని రెండేళ్ల బిడ్డకు ఎలా చెప్పాలి? ‘సెసమీ స్ట్రీట్’ రూపకర్తలు 2006లో ఎల్మో అనే బొమ్మ పాత్రతో, వాళ్ల నాన్న దూరం వెళ్లిన కథతో వీడియోలు తయారుచేసి సైనిక కుటుంబాలకు ఉచితంగా పంచారు. ఏప్రిల్ నెలను 1986 నుంచి సైనికుల పిల్లల మాసంగా జరుపుతున్నారు.

యూనిట్ బయలుదేరినప్పుడు

అఫ్గానిస్తాన్, ఇరాక్ యుద్ధాల్లో ఒకే సైనికుడు రెండు, మూడు, నాలుగు సార్లు వెళ్లాడు. 2007లో ఆర్మీ ఒక్కో విడతను 15 నెలలకు పెంచింది. ఆ ఏడాది అక్టోబరులో ఆర్మీ మంత్రి పీట్ గెరెన్, సైన్యాధిపతి జార్జి కేసీ కుటుంబాల పట్ల సైన్యం బాధ్యతను రాతపూర్వకంగా చెప్పే ఆర్మీ ఫ్యామిలీ కవనెంట్‌పై సంతకం చేశారు. ఆ తర్వాత సేవలకు నిధులు పెరిగాయి.

కంపెనీ స్థాయిలో భారం మోసింది ఫ్యామిలీ రెడీనెస్ గ్రూపులు. యూనిట్ వెళ్లిపోయాక స్థావరంలో మిగిలే అధికారి ఒకరు, కుటుంబాల నుంచి ఒక నాయకురాలు, ఒక్కో స్వచ్ఛంద సేవికకు పది పదిహేను ఇళ్ల ఫోన్ నంబర్లు: నిర్మాణం ఇంతే. తిరిగొచ్చే తేదీ మారిందన్న కబురు, వదంతుల ఖండన, పైపు పగిలిన ఇంటికి ప్లంబరు, జ్వరంతో పడుకున్న తల్లి పిల్లలకు భోజనం అన్నీ ఈ దారిలో నడిచేవి. ఇంట్లో మరణమో, తీవ్ర అనారోగ్యమో సంభవిస్తే యుద్ధరంగంలోని సైనికుడికి కబురు వెళ్లేది మాత్రం అమెరికన్ రెడ్ క్రాస్ ద్వారా. రెడ్ క్రాస్ ఆ సంగతిని నిర్ధారించి పంపితే దాన్నిబట్టి కమాండరు సెలవు ఇస్తాడు.

ఈ గ్రూపుల నాయకత్వం చాలాకాలం కమాండరు భార్యకే దఖలు పడేది. ఆమె వచ్చిందా, టీ విందులు నడిపిందా అన్నది భర్త పదోన్నతిలో చూసేవారన్న భయం బలంగా ఉండేది. భార్య ఉద్యోగం చేసుకుంటుందా, క్లబ్బు పనులు చేస్తుందా అన్నది అధికారి మూల్యాంకనంలో లెక్కకు రాకూడదని 1980ల చివర్లో రక్షణ శాఖ ఆదేశించింది. ఆదేశం ఉన్నా అలవాటు మెల్లగా పోయింది. సొంత ఇద్దరు పిల్లలను ఒంటరిగా పెంచుకుంటూ, భర్త ప్రాణం గురించి బెంగ పడుతూనే, వంద కుటుంబాల కన్నీళ్లు తుడవాల్సిన పని జీతం లేకుండా ఒక మనిషికి అప్పగించడం న్యాయం కాదు. ఇరాక్ యుద్ధం మధ్యలో జీతం తీసుకునే సహాయకులను పెట్టడానికి కారణం ఆ అలసటే. 2019లో సోల్జర్ అండ్ ఫ్యామిలీ రెడీనెస్ గ్రూపు అని పేరు మార్చి, బాధ్యత కమాండరుదేనని తేల్చారు. పెళ్లికాని సైనికుల తల్లిదండ్రులకూ అందులో చోటిచ్చారు.

మాట్లాడుకునే మనిషి కావాలనుకునేవాళ్లకు మిలిటరీ అండ్ ఫ్యామిలీ లైఫ్ కౌన్సెలర్లు ఉన్నారు. వీళ్లు ఎవరు వచ్చారో, ఏం చెప్పారో రికార్డు పెట్టరు. స్థావరంలోని బడిలో, మైదానంలో, కాఫీ దుకాణంలో ఎక్కడైనా కలవవచ్చు. మిలిటరీ వన్‌సోర్స్ అనే 24 గంటల ఫోను సేవ ఇంటి నుంచే అందుతుంది.

చావు కబురు, ఆ తర్వాత

ఇప్పటి నిబంధనల ప్రకారం మరణవార్తను యూనిఫాంలో ఉన్న అధికారి గాని సీనియర్ సార్జంటు గాని స్వయంగా వెళ్లి, ఉదయం 5 గంటలకూ అర్ధరాత్రికీ మధ్య చెప్పాలి. ఆ తర్వాత కుటుంబానికి ఒక క్యాజువల్టీ అసిస్టెన్స్ అధికారిని కేటాయిస్తారు. అంత్యక్రియలు, 1,00,000 డాలర్ల మరణ సహాయం, 2023 నుంచి 5,00,000 డాలర్ల వరకు పెరిగిన బీమా, పింఛను కాగితాలు ఆయనే దగ్గరుండి చేయిస్తాడు. చెప్పిన మనిషి, కాగితాలు చూసే మనిషి ఒకరే కాకూడదన్నది నియమం. ఆ మొహం చూసినప్పుడల్లా ఆ క్షణం గుర్తుకు రాకూడదు కదా.

ఆ అధికారి పని కొన్ని నెలల్లో ముగుస్తుంది, కుటుంబం దుఃఖం ముగియదు. 2008లో మొదలైన సర్వైవర్ అవుట్‌రీచ్ సర్వీసెస్ ఆ ఖాళీ పూరించడానికి వచ్చింది. భార్య వేరే రాష్ట్రంలోని పుట్టింటికి వెళ్లిపోయినా, మళ్లీ పెళ్లి చేసుకున్నా, పిల్లలు పెద్దవాళ్లయి కాలేజీ ఫీజుల గురించి అడిగినా సలహాదారు అందుబాటులో ఉంటారు. గడువు లేదు. సైనికుడు యుద్ధంలో పోయినా, ప్రమాదంలో పోయినా, ఆత్మహత్య చేసుకున్నా కుటుంబానికి ఈ సేవ ఒకటే. చివరి మాట ముఖ్యం. ఆత్మహత్య జరిగిన ఇంటికి చుట్టాలే సరిగా రాని లోకంలో, ఇక్కడ తేడా చూపకపోవడం గొప్ప సంస్కారం.

భారతదేశంలో

భారత సైన్యంలో ఈ పని అనేక చేతుల్లో పంచుకుని ఉంది. 1966లో ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్‌గా నమోదైన సంఘానికి సైన్యాధిపతి సతీమణి అధ్యక్షురాలు. కమాండు నుంచి యూనిట్ దాకా అదే వరసలో భార్యలే బాధ్యులు. వీర నారీలకు, అంటే విధుల్లో అమరులైన సైనికుల భార్యలకు అండ, భార్యలకు కుట్టుపని, కంప్యూటరు వంటి శిక్షణలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఆశా పాఠశాలలు ఈ సంఘం ఆధ్వర్యంలో నడుస్తున్నాయి. 1983లో ఏర్పడిన ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ ఆర్మీ పబ్లిక్ స్కూళ్లను నడుపుతుంది. సికింద్రాబాద్, హైదరాబాదు పరిసరాల్లో బొల్లారం, గోల్కొండ, రామకృష్ణాపురంలో ఆ బళ్లున్నాయి. భర్త సరిహద్దులో ఫీల్డ్ పోస్టింగులో ఉన్నప్పుడు కుటుంబం ఉండేందుకు కొన్ని కంటోన్మెంట్లలో సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్లు కేటాయిస్తారు. మాజీ సైనికుల వైద్యానికి 2003లో ఈసీహెచ్‌ఎస్ పథకం వచ్చింది.

అమెరికా కార్యాలయం ప్రభుత్వ నిధులతో, జీతగాళ్లైన సలహాదారులతో నడిచే శాఖ. మనది చాలావరకు పై అధికారుల భార్యల స్వచ్ఛంద శ్రమ మీద నిలిచిన సంఘం. అందులో ఆత్మీయత ఎక్కువ, హోదా బరువూ ఎక్కువే. జవాను భార్య తన గోడు చెప్పుకోవాల్సింది భర్త పై అధికారి ఇంటి ఇల్లాలికి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి సైన్యానికి మనుషులను పంపుతూ మిలిటరీ మాధవరం అని పేరు తెచ్చుకున్న పశ్చిమ గోదావరి ఊరి కోడళ్లయినా, తెలంగాణ పల్లెల నుంచి వెళ్లిన కొత్త పెళ్లికూతుళ్లయినా పఠాన్‌కోట్‌లోనో జబల్‌పూర్‌లోనో దిగగానే ముందు ఎదురయ్యేది హిందీ. యూనిట్‌లో మరో తెలుగు కుటుంబం ఉంటే రేషను కార్డు, క్యాంటీన్ కార్డు, ఆసుపత్రి చీటీ ఎక్కడ రాయించాలో చెప్పేది వాళ్లే. స్వగ్రామంలో ఉండిపోయిన కుటుంబాలకూ మాజీ సైనికులకూ వితంతువులకూ రెండు తెలుగు రాష్ట్రాల్లోని సైనిక సంక్షేమ కార్యాలయాలు దిక్కు. పిల్లల చదువు సాయం, కూతురి పెళ్లి సాయం, ఆగిపోయిన పింఛను మీద ఫిర్యాదు వంటివాటికి దరఖాస్తులు అక్కడే ఇవ్వాలి. ఆ సాయానికి డబ్బులో కొంత ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు జరిగే వసూళ్ల నుంచి వస్తుంది.